గడ దించేముందు తలెత్తి చూడండి



మన చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో కొన్ని మిద్దెల మీద ఇంకా పొడుగాటి ఇనుప గడలు కనిపిస్తాయి. గడ కొసన చేపముల్లు లాంటి అల్యూమినియం పుల్లలు ఉంటాయి. గడ కదలకుండా మూడు వైపులో, నాలుగు వైపులో కట్టు తీగలు ఉంటాయి. ఇదే టీవీ ఏంటెనా గడ.

గాలికి గడ ఊగుతుంది. వానకు దాని మొదలు తుప్పు పడుతుంది. ఏదో ఒక రోజు దాన్ని దించాల్సిందే. బాగు చేయడానికైనా దించాలి. తీసేయడానికైనా దించాలి. "ఇద్దరం పట్టుకుంటే దిగదా" అని చాలామంది అనుకుంటారు. కానీ గడ దించడం బలంతో చేసే పని కాదు. చూపుతో, లెక్కతో చేసే పని. చూడకుండా దించితే ప్రాణం పోవచ్చు. ఎలా చూడాలో, ఎలా లెక్క కట్టాలో తెలుసుకుందాం.

ఈ గడలు ఎందుకు వచ్చాయి?

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికి ఒకే టీవీ. అందరూ ఒకచోట కూర్చుని చూసేవారు.

1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఆ తర్వాత మెల్లగా ఇళ్ళలోకి టీవీలు వచ్చాయి.

టీవీ తరంగాలు దాదాపు దీపం వెలుగులాగా తిన్నగా పోతాయి. నడుమ గుట్ట ఉంటే ఆగుతాయి. చెట్లు, ఇళ్ళు ఉంటే తగ్గుతాయి. చేవెళ్ల హైదరాబాదుకు సుమారు 40 కిలోమీటర్ల దూరం. మొయినాబాద్ అంతకంటే దగ్గర. దూరం పెరిగిన కొద్దీ గడ ఎత్తు పెంచాలి. అప్పుడే బొమ్మ బాగా పడేది. అందుకే మన వైపు అంత పొడుగు గడలు నిలబెట్టారు.

ఇప్పుడు కాలం మారింది. దూరదర్శన్ తన పాత ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా మూసేసింది. ఇప్పుడు బొమ్మ కేబుల్ నుంచో, గిన్నె లాంటి డిష్ నుంచో వస్తోంది. పాత గడకు పని లేదు. కానీ అది మిద్దె మీదే ఉండిపోయింది. పని లేని గడను ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోని గడే ఎక్కువ ప్రమాదం.

ప్రమాదం ఎక్కడ ఉంది?

ప్రమాదాలు మూడు. బరువు ఒకటి. తుప్పు ఒకటి. కరెంటు ఒకటి.

మొదట బరువు సంగతి చూద్దాం. అంగుళం ఇనుప పైపు 20 అడుగులు ఉంటే సుమారు 15 కిలోలు తూగుతుంది. నిండు బిందెడు నీళ్ళంత. ఇది పెద్ద బరువా అని అనిపిస్తుంది. ఇంట్లో రోకలితో ఒక పని చేసి చూడండి. రోకలిని నేల మీద నిలువుగా నిలబెట్టండి. ఒక్క వేలితో పట్టుకున్నా నిలుస్తుంది. ఇప్పుడు దాని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా వంచండి. వంగిన కొద్దీ చేతికి బరువు పెరుగుతుంది. చివరికి చేయి ఆగదు.

గడ కూడా అంతే. గడను మొదలు నుంచి నాలుగు అడుగుల దగ్గర పట్టుకున్నారనుకోండి. అది పూర్తిగా వాలేసరికి చేతుల మీద సుమారు 37 కిలోల బరువు పడుతుంది. కొసన ఉన్న ఏంటెనా బరువు దీనికి అదనం. నిలువుగా ఉన్నప్పుడు తేలికగా ఉన్న గడ సగం వాలాక చేయి జారేది అందుకే.

రెండోది తుప్పు. పైకి రంగు బాగానే కనిపిస్తుంది. మొదలు దగ్గర పైపు లోపల నీళ్ళు నిలిచి తినేస్తాయి. కట్టు తీగ విప్పగానే గడ అక్కడే విరగవచ్చు. అందుకే గడను ఎప్పుడూ ఎక్కకూడదు. గడకు నిచ్చెన ఆనించకూడదు.

మూడోది కరెంటు. అన్నింటికంటే పెద్దది ఇదే. ఇనుము, అల్యూమినియం రెండింటిలోనూ కరెంటు పారుతుంది. గడ కరెంటు తీగకు తగిలితే, గడను పట్టుకున్న వాళ్ళందరికీ షాకు కొడుతుంది.

తీగలను గుర్తుపట్టండి

మన ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. అది కూడా ప్రాణం తీయగలదు.

ట్రాన్స్‌ఫార్మరుకు పోయే పెద్ద లైను 11,000 వోల్టులు. సాధారణంగా దానికి మూడు తీగలు ఉంటాయి. తీగల కింద పింగాణీ గిన్నెలు పెద్దవిగా ఉంటాయి. ఈ లైనుకు గడ తగలనక్కర లేదు. బాగా దగ్గరికి వస్తే చాలు, కరెంటు గాలిలోంచి దూకుతుంది. రబ్బరు చెప్పులు దాన్ని ఆపలేవు. తడి తాడు కూడా కరెంటును మోస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నిబంధన ప్రకారం 11,000 వోల్టుల తీగ ఇంటి పక్క నుంచి పోతే 1.2 మీటర్ల దూరం ఉండాలి. అంటే సుమారు 4 అడుగులు. ఇంటి మీదుగా పోతే 3.7 మీటర్ల ఎత్తు ఉండాలి. అంటే సుమారు 12 అడుగులు. ఈ దూరం ఇంటికి సరిపోతుంది. గడకు సరిపోదు. గడ పొడవు 20 అడుగులు కదా! లైను నిబంధన ప్రకారమే ఉన్నా, వాలే గడ దాన్ని అందుకుంటుంది.

పైగా కొన్ని ఇళ్ళకు తర్వాత ఇంకో అంతస్తు లేపారు. అప్పుడు మిద్దె తీగకు ఇంకా దగ్గరయింది. గడ నిలబెట్టిన రోజున లేని తీగ ఇప్పుడు ఉండవచ్చు.

లెక్క చూద్దాం

గడ ఎంత పొడుగు? ఎక్కకుండానే తెలుసుకోవచ్చు. నీడతో కొలవాలి.

నాలుగు అడుగుల కర్రను గడ పక్కన మిద్దె మీద నిలువుగా పెట్టండి. దాని నీడ రెండు అడుగులు అయ్యే వేళ చూడండి. అంటే నీడ కర్రలో సగం. అప్పుడు గడ నీడ కూడా గడలో సగమే. గడ నీడ 9 అడుగులు ఉంటే గడ 18 అడుగులన్నమాట. నీడంతా మిద్దె మీదే పడాలి. అంచు దాటి కిందికి పడితే లెక్క తప్పుతుంది. చలికాలంలో నీడ అంత పొట్టిగా రాదు. అప్పుడు కర్ర నీడ కర్రతో సమానమయ్యే వేళ చూడండి. అప్పుడు గడ నీడ ఎంతో గడ అంత.

తీగ ఎంత దూరం? టేపును గానీ, కర్రను గానీ తీగ వైపు ఎత్తకండి. నేల మీదే కొలవండి. తీగకు సరిగ్గా కింద ఒక గుర్తు పెట్టండి. గడ మొదలుకు సూటిగా కింద, గోడ దగ్గర ఇంకో గుర్తు పెట్టండి. రెండింటి నడుమ ఎన్ని అడుగులో కొలవండి.

ఇప్పుడు ఒక సూత్రం. గడ పొడవుకు దానిలో సగం కలపండి. తీగ అంతకంటే దూరంగా ఉండాలి.

గడ 18 అడుగులు. అందులో సగం 9 అడుగులు. 18 + 9 = 27.

తీగ 27 అడుగుల లోపల ఉంటే గడను మీరు ముట్టుకోవద్దు. ఏ వైపు దించుదామన్నా వద్దు. గడ మనం అనుకున్న వైపే పడుతుందని నమ్మకం లేదు.

అత్తాకోడళ్ళ మాట

ఒక ఇంట్లో అత్తా కోడళ్ళు ఇలా మాట్లాడుకున్నారనుకుందాం.

"అత్తమ్మా, ఇయ్యాల గడ దించుతమని మీ కొడుకు అంటున్నడు."

"దించుడెంత సేపు బిడ్డా! ఇద్దరు పట్టుకుంటే అయిపాయె."

"జర పైకి చూడుండ్రి అత్తమ్మా. ఆ మూడు తీగలు మనింటి పక్కకెళ్ళే పోతున్నయి. గడ గటు వాలితే?"

"ఇప్పుడు కరెంటు లేదు గదా. ఇంకేం భయం?"

"పోయిన కరెంటు ఎప్పుడొస్తదో ఎవరికెరుక? మనింట్ల బల్బు ఆరినంత మాత్రాన పెద్ద లైన్ల కరెంటు పోయినట్టు కాదు."

అత్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "బిడ్డా, నేను బట్టలారేసే దండెం గూడ గా గడకే కట్టిన. ఇనుప తీగ అది."

"అది ముందుగల తీసేద్దాం అత్తమ్మా. కానీ ఇప్పుడే ముట్టొద్దు. మెయిన్ బంద్ జేసినంక తీద్దాం. ఇగ నుంచి ప్లాస్టిక్ తాడు కట్టుకుందాం. గడకు కాదు, గోడకు."

కోడలు మాట నిజం. ఏంటెనా గడకు ఇనుప దండెం కట్టడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. గడకు కరెంటు వస్తే దండేనికీ వస్తుంది. తడి బట్ట ఆరేసే చేతికీ వస్తుంది.

ఎవరిని పిలవాలి?

తీగ దగ్గరగా ఉంటే కరెంటు ఆఫీసుకు పోవాలి. కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా ఇంటి మీద ఏంటెనా గడ ఉంది. దాన్ని దించాలి. పక్కనే కరెంటు లైను ఉంది. దయచేసి మనిషిని పంపి, లైను బంద్ చేయించి, గడ దించే ఏర్పాటు చేయగలరు."

కింద మీ పేరు, ఇంటి నంబరు, మీటరు నంబరు, తేదీ రాయండి. ఫోను చేయాలంటే నంబరు 1912.

లైను బంద్ చేయించి పని చేయడాన్ని కరెంటు వాళ్ళు 'ఎల్.సి. తీసుకోవడం' అంటారు. అది వాళ్ళ పనే. ఊళ్ళో ఎవరో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పీకితే చాలదు. పీకిన ఫ్యూజును తెలియక ఇంకొకరు పెట్టవచ్చు.

మూడు కాళ్ళతో నిచ్చెనలాగా ఉండే టవర్లు కొన్నిచోట్ల ఉంటాయి. వాటిని ఇంటివాళ్ళు దించకూడదు. రెండు పైపులు కలిపి 20 అడుగులు దాటిన గడ కూడా అంతే. మొదలు తుప్పు పట్టిన గడను కూడా ముట్టుకోవద్దు. వీటికి పని తెలిసిన వాళ్ళనే పిలవాలి.

గడ దించే పద్ధతి

తీగ దూరంగా ఉంది. గడ 20 అడుగుల లోపే ఉంది. మొదలు గట్టిగా ఉంది. మిద్దె మీద గడ పొడవు కంటే ఎక్కువ ఖాళీ జాగా ఉంది. ఈ నాలుగూ ఉంటేనే కింది పద్ధతి. ఒక్కటి తక్కువైనా వద్దు. మనుషులు కనీసం ఐదుగురు కావాలి. అందులో ఒకరికి ఈ పని ముందే తెలిసి ఉండాలి.

1. మంచి వేళ చూడండి. గాలి లేని, ఎండ ఉన్న పొద్దుటి పూట మంచిది. మబ్బు పట్టినా, ఉరిమినా పని ఆపండి. మృగశిర కార్తె రాకముందే, ఈదురుగాలులు మొదలు కాకముందే చేసుకోవడం మేలు.

2. టీవీ, బూస్టరు బంద్ చేసి ప్లగ్గులు పీకండి. ఇంటి మెయిన్ బంద్ చేయండి. చెడిపోయిన బూస్టరు నుంచి కూడా గడకు కరెంటు రావచ్చు.

3. దండెం విప్పండి. ఏంటెనా వైరు తీసేయండి. పిల్లలను కిందికి పంపండి. కింద వాకిట్లో ఒకరు నిలబడి, అటు ఎవరినీ రానివ్వకూడదు. మేకలను, బర్రెలను కట్టేయండి.

4. గడ ఏ వైపు వాలాలో సుద్దముక్కతో గీత గీయండి. గీత మిద్దె లోపలి వైపే ఉండాలి. పిట్టగోడ వైపు ఉండకూడదు.

5. కట్టు తీగలన్నీ బిగువుగా ఉన్నప్పుడే కొత్త తాళ్ళు కట్టండి. తాళ్ళు పొడిగా, గట్టిగా ఉండాలి. విడిగా నిలబడే రెండు కాళ్ళ నిచ్చెన వేసుకుని, అందినంత ఎత్తులో కట్టాలి. నిచ్చెనను ఒకరు పట్టుకోవాలి. మూడు తాళ్ళు కావాలి. వెనక ఒకటి. పక్కలకు రెండు.

6. వెనక తాడే ప్రాణం. దాన్ని గట్టి స్తంభానికి ఒక చుట్టు చుట్టి పట్టుకోవాలి. ఊరికే చేత్తో పట్టుకోకూడదు. బావిలోకి నిండు చేద దించేటప్పుడు తాడును ఒక్కసారి వదలం కదా. కొంచెం కొంచెం వదులుతాం. ఇదీ అంతే. మెట్ల గది స్తంభం లాంటి ఎత్తైన చోటు దొరికితే ఇంకా మంచిది. తాడు చేతికి గానీ, నడుముకు గానీ చుట్టుకోకూడదు. అరచేతులకు గోనె పట్ట పెట్టుకోండి.

7. గడ మొదలు జారకుండా గోడకు ఆనించి, రెండు వైపులా రాళ్ళు పెట్టండి. ఒకరు అక్కడ ఉండి చూస్తుండాలి.

8. వెనక తాడు బిగిసిన తర్వాతే, గోడకున్న క్లాంపులు విప్పండి. తర్వాత కట్టు తీగలు ఒక్కొక్కటే విప్పండి. వెనక కట్టు తీగను అన్నింటికంటే చివర విప్పండి.

9. గడను మెల్లగా ముందుకు నెట్టి, వెనక తాడు కొంచెం కొంచెం వదలండి. పక్క తాళ్ళు పట్టుకున్న వాళ్ళు గడ అటూ ఇటూ పోకుండా చూడాలి. వాలిన కొద్దీ తాడు మీద బరువు పెరుగుతుంది. రోకలి సంగతి గుర్తుందా? చివర్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గడ కింద ఎవరూ ఉండకూడదు. కొస భుజం ఎత్తుకు వచ్చాక, ఇద్దరు పక్కల నుంచి పట్టుకుని నేల మీద పెట్టాలి.

అందరూ అరిస్తే పని చెడుతుంది. "వదులు", "బిగించు" అని ఒక్కరే చెప్పాలి. ఆ ఒక్కరు పని తెలిసిన వాళ్ళే కావాలి. కానీ "ఆగు" అని ఎవరైనా అనవచ్చు. వాకిట్లో ఉన్న ముసలమ్మ అన్నా సరే, అందరూ ఆగాలి. మీరు తాడు పట్టకపోయినా, "ఆగు" అనే హక్కు మీకు ఉంది.

గడ చేయి జారిందా? పట్టుకోవడానికి పోవద్దు. వదిలేసి పక్కకు జరగండి. గడ విరిగితే పైపు పోతుంది. మనిషి పోతే తిరిగి రాడు.

గడ దించిన తర్వాత

గడతో ఇంకా పని ఉందా? ఉంటే తుప్పు గీకి, రంగు వేయండి. పైపు నోటికి మూత పెట్టండి. అప్పుడు నీళ్ళు లోపలికి పోవు. కట్టు తీగలు, కొక్కేలు మార్చండి. మళ్ళీ నిలబెట్టేటప్పుడు కూడా దించినప్పుడు చేసిన లెక్కే చేయాలి.

పని లేకపోతే మళ్ళీ లేపకండి. పాత ఇనుము కింద అమ్మవచ్చు. ముక్కలు కోయించి దొండ పందిరికి, చిక్కుడు పందిరికి వాడుకోవచ్చు. పందిరి కూడా కరెంటు తీగల కింద వేయకండి. పొడుగు పైపును మోసేటప్పుడు నిలువుగా ఎత్తకండి. అడ్డంగా పట్టుకుని ఇద్దరు మోయండి.

ఎవరికైనా షాకు కొడితే

పరుగెత్తి పోయి పట్టుకోకండి. పట్టుకుంటే మీకూ కొడుతుంది.

ఇంటి కరెంటు అయితే ముందు మెయిన్ బంద్ చేయండి. బంద్ చేయలేకపోతే, పొడి పీట మీద నిలబడి, పొడి కర్రతో మనిషిని తీగ నుంచి విడదీయండి.

పెద్ద లైను అయితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు. 30 అడుగుల దూరంలో ఉండండి. నేలలో కూడా కరెంటు పారుతుంది. దగ్గరగా ఉన్నవాళ్ళు పాదాలు ఆనించుకుని, చిన్న చిన్న అడుగులతో దూరం జరగాలి. 1912కు ఫోను చేసి లైను బంద్ చేయించండి. 108కి ఫోను చేయండి.

కరెంటు పోయిందని కచ్చితంగా తెలిశాకే మనిషిని ముట్టుకోండి. పిలిస్తే పలకకపోతే, ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము నడుమ ఒక అరచేయి పెట్టి, దాని మీద ఇంకో అరచేయి పెట్టండి. గట్టిగా, వేగంగా నొక్కండి. రెండు అంగుళాల లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపకండి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. మనిషిని మట్టిలో పాతిపెట్టడం లాంటి పనులు చేయకండి. దానివల్ల విలువైన సమయం పోతుంది.

షాకు తగిలి లేచి కూర్చున్న మనిషిని కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పైకి గాయం చిన్నదే ఉండవచ్చు. లోపల గుండెకు దెబ్బ తగిలి ఉండవచ్చు.

గుర్తుంచుకోండి

గడను ముట్టుకునే ముందు తలెత్తి తీగలు చూడాలి.
గడ పొడవు, అందులో సగం కలిపి, అంతకంటే దూరంగా తీగ ఉండాలి.
కరెంటు పోయిందని నమ్మి పని మొదలుపెట్టకూడదు.
ఏంటెనా గడకు దండెం కట్టకూడదు.
జారే గడను పట్టుకోకూడదు.
కరెంటు ఆఫీసు 1912. అంబులెన్సు 108.

లెక్క చేయండి

1. గడ పొడవు 16 అడుగులు. తీగ ఎన్ని అడుగుల కంటే దూరంగా ఉండాలి?
2. కర్ర 4 అడుగులు. దాని నీడ 2 అడుగులు. గడ నీడ 7 అడుగులు. గడ పొడవు ఎంత?
3. ఆ గడకు 20 అడుగుల దూరంలో తీగ ఉంది. ఆ గడను ఇంటివాళ్ళు దించవచ్చా?

కలిసి మాట్లాడుకోండి

మీ వాడలో ఎన్ని ఇళ్ళ మీద పాత గడలు ఉన్నాయి? వాటిలో కరెంటు తీగకు దగ్గరగా ఉన్నవి ఎన్ని? ఎన్ని గడలకు దండేలు కట్టి ఉన్నాయి? సాయంత్రం నలుగురు కలిసి ఒక్కసారి వాడంతా తిరిగి రండి. చూసినవి కాగితం మీద రాయండి. కరెంటు ఆఫీసుకు ఒక్కొక్కరు విడివిడిగా పోయేకంటే, వాడంతటికీ ఒకే అర్జీ రాసి, అందరూ సంతకాలు చేసి ఇవ్వండి.